వెల్డింగ్ లేకుండా జీపు ట్యాంకుకి రిటర్న్ లైను: పని డైరీ

ముందు బండి సంగతి. పాత సీజే బాడీ జీపు. పుట్టుకతో పెట్రోల్ బండి, ఎప్పుడో ఎవరో ఆ ఇంజను దించి డీజిల్ ఇంజను ఎక్కించారు. ట్యాంకు మాత్రం పాతదే, డ్రైవరు సీటు కింద, 40 లీటర్లది. కార్బురేటరు ఇంజనుకి ట్యాంకు నుంచి ఒక్క గొట్టం వస్తే చాలు. డీజిల్ ఇంజనుకి ఇంకొకటి కావాలి. ఇంజెక్టర్ల దగ్గర కారేదీ పంపు వాడుకోగా మిగిలేదీ వెనక్కి పోవాలి. ఈ ట్యాంకుకి ఆ దారి లేదు. ఇంజను మార్చినాయన ట్యాంకు జోలికి పోకుండా రిటర్న్ గొట్టాన్ని తెచ్చి ఫీడు లైనులోకే (ట్యాంకు నుంచి ఇంజనుకి పోయే గొట్టం) టీ ముక్కతో, అంటే మూడు నోళ్ల జాయింటుతో, కలిపేశాడు.

ఈ డైరీలో ఆ టీ ముక్క తీసేసి, ట్యాంకుకి రెండు కొత్త దారులు పెట్టిన పని ఉంది. ఒకటి రిటర్న్, రెండోది ట్యాంకులోకి గాలి ఆడటానికి గాలి గొట్టం. పాడు చేసుకున్న సామాను కూడా లెక్కలో రాశాను.

1వ దశ: రోగం ఎక్కడో చూడటం

రాత్రంతా నిలబెట్టిన బండి పొద్దున స్టార్ట్ అవ్వాలంటే స్టార్టరు 14 నుంచి 18 సెకన్లు తిప్పాలి. మూడు పొద్దులు ఫోనులో స్టాప్‌వాచీ పెట్టి చూశాను. బ్యాటరీ బాగుంది, హీటరు ప్లగ్గులు ఎర్రబడుతున్నాయి.

1. లిఫ్టు పంపుకి (ట్యాంకు నుంచి డీజిల్ లాగేది) ముందు ఫీడు గొట్టం కోసి, 20 సెం.మీ. పారదర్శకమైన గొట్టం ముక్క పెట్టాను.
2. ఇంజను ఐడిల్‌లో ఉంచి టార్చి వేసి చూశాను.
3. నిమిషానికి 20కి పైగా బుడగలు. ఆపేసి గంట ఆగితే గొట్టం పైభాగంలో వేలెడు గాలి నిలబడింది.
4. రిటర్న్ గొట్టాన్ని టీ నుంచి ఊడదీసి సీసాలోకి వదిలాను, టీ నోరు మూసేశాను. పది నిమిషాల్లో బుడగలు ఆగిపోయాయి. మర్నాడు పొద్దున 4 సెకన్లలో స్టార్ట్.

అంటే ఎక్కడో సన్నగా దూరిన గాలి బయటికి పోయే దారి లేక ఆ చుట్టులోనే తిరుగుతోంది. రిటర్న్ ట్యాంకులోకి పోతే గాలి అక్కడే విడిపోతుంది. టీతో కలిపితే మళ్లీ పంపు నోట్లోకే వస్తుంది. సీసాలోకి వచ్చింది కొలిస్తే ఐడిల్‌లో 10 నిమిషాలకు 240 మి.లీ. మాత్రమే. సన్నటి దారి సరిపోతుందని అక్కడే తేలింది.

ఇప్పటిదాకా: ₹90, 3 గంటలు.

వెల్డింగ్ ఎందుకు వద్దన్నానంటే

అడిగిన ప్రతివాళ్లూ "రెండు టాకాలు వేస్తే అయిపోద్ది కదా" అన్నారు. నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకే ప్రమాదం. పెట్రోల్ ఆవిరి గాలిలో 1.4 శాతం నుంచి 7.6 శాతం దాకా ఉంటే చాలు, నిప్పు తగలగానే పేలుతుంది. అంత ఆవిరి రావడానికి అడుగున మిగిలిన చెంచాడు చాలు. డీజిల్ మామూలుగా అంత తొందరగా ఆవిరి కాదు కానీ, వెల్డింగ్ వేడికి రేకు మడతల్లో దాక్కున్నది ఆవిరై అదే పని చేస్తుంది. ఈ ట్యాంకు మడతల్లో ఎన్నేళ్ల పెట్రోల్ జిగురు, దాని మీద ఎన్నేళ్ల డీజిల్ మడ్డి ఉందో ఎవరికి తెలుసు? ఆవిరి పట్టించి, నీళ్లు నింపి అతికే నేర్పరులు ఉన్నారు, వాళ్ల పని వాళ్లకి తెలుసు. నేను ఆ నేర్పరిని కాను. పైగా రేకు మందం 1 మి.మీ. లోపల తుప్పు ఎంత తినేసిందో చూడకుండా టాకా వేస్తే ఒక చిల్లు బదులు నాలుగు పడతాయి.

2వ దశ: శానిటరీ షాపు తెలివి

విజయవాడ వన్‌టౌన్‌లో శానిటరీ షాపుకి వెళ్లి మంచినీళ్ల ట్యాంకుకి పెట్టే జీఐ (జింకు పూత ఇనుము) ట్యాంకు నిపుల్, అంటే మర ఉన్న గొట్టం ముక్క, కొన్నాను. రెండు పక్కలా రబ్బరు వాషర్లు, నట్లు. చూడటానికి నాకు కావలసిందే.

బండికి పెట్టే ముందు పచ్చడి సీసాలో డీజిల్ పోసి ఒక రబ్బరు వాషరు వేసి చూద్దామనిపించింది. ఈ పని మొత్తంలో నేను ముందుగా చేసిన తెలివైన పని ఇదొక్కటే.

- వేసేటప్పుడు బయటి వ్యాసం: 34 మి.మీ.
- 1వ రోజు: 37
- 4వ రోజు: 41, వేలితో నొక్కితే జున్నులా ఉంది

నీళ్ల సామానుకి వాడే రబ్బరు డీజిల్‌లో ఉబ్బుతుంది. ఉబ్బినప్పుడు బిగువుగానే కనిపిస్తుంది, తర్వాత నలిగి తెగుతుంది. నిపుల్ మీద ఉన్న జింకు పూత ఇంకో బాధ. జింకు, రాగి తగిలితే డీజిల్ తొందరగా చెడి జిగురు కడుతుంది, ఆ జిగురు ఫిల్టరుకి పడుతుంది. అందుకే ట్యాంకు లోపల ఉండే భాగానికి జీఐ, ఇత్తడి రెండూ వద్దనుకున్నాను. నల్ల ఇనుమే మేలు.

రబ్బరు విషయంలో నైట్రైల్ అనే రకం డీజిల్‌కి ఆగుతుంది. పెట్రోల్ బండికి ఈ పని చేసేవాళ్లు మాత్రం వైటాన్ రబ్బరు అడిగి తీసుకోండి. ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, మామూలు రబ్బరు మీద దాని బలం వేరు.

ఇప్పటిదాకా: ₹230, 5 గంటలు. ట్యాంకు ఇంకా బండిలోనే ఉంది.

3వ దశ: దించడం, కడగడం, 49 నట్లు

1. బ్యాటరీ రెండు తీగలూ తీసేశాను. ఆరుబయట, వంటింటికి దూరంగా, మంటలార్పే సిలిండరు పక్కన పెట్టుకుని పని.
2. డీజిల్ మొత్తం క్యానులోకి. 11 లీటర్లు వచ్చింది, అడుగున గ్లాసెడు నీళ్లు.
3. వేడినీళ్లు, బట్టల సబ్బు పొడితో మూడుసార్లు.
4. తుప్పు రాలడానికి 8 మి.మీ. నట్లు 50 లెక్కపెట్టి లోపల వేసి, నీళ్లు కలిపి, పాత టైరు మీద ట్యాంకుని పడుకోబెట్టి నాలుగు పక్కలా ఊపడం. అరగంట.
5. మళ్లీ కడిగి, రెండు రోజులు ఎండలో.

బయటికి వచ్చిన నట్లు 49. యాభయ్యోదాని కోసం గంటన్నర పట్టింది. లోపల అలలు ఆపడానికి పెట్టిన అడ్డరేకు వెనక ఇరుక్కుంది. తీగకి అయస్కాంతం కట్టి తీశాను. లెక్కపెట్టకుండా వేసి ఉంటే అది అక్కడే ఉండిపోయేది, మిగతా జీవితమంతా మలుపు తిరిగినప్పుడల్లా సీటు కింద టకటకలాడేది. ఏం వేసినా లెక్కపెట్టి వేయండి.

టార్చి వేసి చూస్తే పైరేకు బాగుంది. అడుగున మచ్చలున్నాయి, చిల్లులు లేవు. అడుగున కొత్త బెజ్జం పెట్టే ఆలోచన అక్కడే మానేశాను. నీళ్లు దించడానికి పాత డ్రైను మర ఎలాగూ ఉంది. ఇంధనం ఎప్పుడూ నిలబడి ఉండే చోట బెజ్జం వేస్తే అది ఎప్పటికైనా చెమరుస్తుంది. పైన వేస్తే నిండు ట్యాంకు అయినప్పుడే పరీక్ష.

ఇప్పటిదాకా: ₹430, 11 గంటలు.

4వ దశ: సెండరు మూత, 72 డిగ్రీల పొరపాటు

మొదటి ఊహ ఇది: ట్యాంకుకి కొత్త బెజ్జమే వేయకుండా, ఫ్యూయల్ గేజి సెండరు (ట్యాంకులో ఇంధనం ఎంతుందో గేజికి చెప్పేది) కూర్చునే మూత స్థానంలో మందపాటి కొత్త ప్లేటు పెట్టి, రెండు గొట్టాలూ దాని మీదే దించడం. ఎవరైనా మొదట ఆలోచించాల్సింది ఇదే. ట్యాంకు జోలికే పోనక్కర్లేదు, తేడా వస్తే పాత మూత పెట్టేయొచ్చు.

కొలతలు: సెండరు బెజ్జం 41 మి.మీ., ఐదు స్క్రూలు, వాటి చుట్టు వ్యాసం 54 మి.మీ. 8 మి.మీ. అల్యూమినియం ముక్క కొన్నాను. ఐదు స్క్రూలు కాబట్టి 360ని ఐదుతో భాగించి, 72 డిగ్రీలకొకటి గీసి, పంచ్ కొట్టి డ్రిల్ చేశాను.

రెండు స్క్రూలు పట్టాయి. మూడోది పట్టలేదు.

ఈ ఐదు బెజ్జాలు సమదూరంలో ఉండవు. కావాలనే ఒకటి పక్కకి జరిపి ఉంటుంది, సెండరు ఒకే దిశలో కూర్చోవాలని. లేకపోతే లోపల తేలే బెండు గోడకి తగులుతుంది. అరవై ఏళ్ల కిందటివాడు నాలాంటివాణ్ని దృష్టిలో పెట్టుకునే చేశాడు. రెండో ప్లేటుకి కోణాలు కొలవలేదు. పాత మూతనే దాని మీద పెట్టి, ఒక్కొక్క బెజ్జంలోంచి డ్రిల్ బిట్టుతో గుర్తు పెట్టి, ఒక బెజ్జం వేయగానే దాంట్లో బోల్టు దూర్చి, తర్వాతది వేశాను. ఐదూ పట్టాయి.

రెండో తప్పు ప్లేటు మీద చోటు. 41 మి.మీ. వృత్తంలో సెండరు ఒళ్లే చాలావరకు ఆక్రమిస్తుంది. మిగిలిన సందులో ఒక్క 1/8 బీఎస్‌పీ (గొట్టాల మర సైజు) నిపుల్ పడుతుంది, రెండు పట్టవు. అందువల్ల ప్లేటు మీద గాలి గొట్టం మాత్రమే, రిటర్న్‌కి వేరే దారి. 8 మి.మీ. మందం ఉంది కాబట్టి నిపుల్ మరకి లోతు దొరికింది. సెండరుని కింద నుంచి రెండు 4 మి.మీ. స్క్రూలతో పట్టించాను. ఆ స్క్రూ బెజ్జాలు ప్లేటు పైకి తేలకూడదు, తేలితే అదో లీకు.

గ్యాస్కెట్టుకి పాత కార్కు వద్దన్నాను, ఎండితే పగుళ్లిస్తుంది. 2 మి.మీ. నైట్రైల్ షీటు కోశాను.

ఇప్పటిదాకా: ₹840, 16 గంటలు.

5వ దశ: లోపల చెయ్యి పట్టని చోట బోల్టు బిగించడం

అసలు చిక్కు ఇది. రేకుకి బెజ్జం వేయడం పది నిమిషాల పని. కానీ రేకు 1 మి.మీ. దాంట్లో మర పడదు. లోపల ఒక తల, బయట ఒక నట్టు ఉండి మధ్యలో రేకుని బిగించాలి. లోపలికి పోయే దారి 41 మి.మీ. సెండరు బెజ్జం ఒక్కటే. నా రెండు వేళ్లు దూరతాయి, అంతే.

ఆటోనగర్‌లో లేతు పెట్టుకున్న పెద్దాయన దగ్గరికి కాగితం మీద బొమ్మ గీసుకుని వెళ్లాను. గుండ్రటి పెద్ద తల, కింద మర, మధ్యలో 5 మి.మీ. బెజ్జం, చివర గొట్టం ఎక్కించే మెట్లు.

"ఇదేంటి అబ్బాయ్, ఇంత తల ఎందుకు?"

"అది ట్యాంకు లోపల ఉండాలి బాబాయ్."

"లోపలికెలా పోద్ది?"

"సెండరు బెజ్జంలోంచి వేసి, తీగతో ఇవతలికి లాగుతాను."

"చేపలు పట్టినట్టా?" అని నవ్వాడు కానీ, బొమ్మలో ఒక తప్పు పట్టాడు. నేను తల కింద మూల గుండ్రంగా గీశాను. వాషరు చదునుగా కూర్చోవాలంటే అక్కడ సన్న గాడి తీయాలన్నాడు. నిజమే. అది లేకపోతే వాషరు ఆ మూల మీద ఎక్కి కూర్చునేది.

మొదటి బోల్టు కొలతలు: తల 26 మి.మీ. వ్యాసం, 5 మందం. మర ఎం16 (16 మి.మీ. వ్యాసం), పిచ్ (పక్కపక్క మర గీతల మధ్య దూరం) 1.5, పొడవు 18. పానా పట్టడానికి రెండు పక్కలా చదును 13 మి.మీ.; చివర 22 మి.మీ. మెట్లు. సీలుకి ఎం16 డౌటీ వాషరు. ఇనుప వలయం లోపలి అంచుకి నైట్రైల్ పెదవి అతికి ఉంటుంది, హైడ్రాలిక్ షాపుల్లో అడిగితే ఇస్తారు. ఇనుము బిగువు ఆపుతుంది కాబట్టి రబ్బరు నలగదు. టెఫ్లాన్ టేపు వద్దు. ఈ మర సూటి మర, మర దగ్గర సీలు అవ్వదు, వాషరు దగ్గరే అవ్వాలి. టేపు పోగులు తెగి ఫిల్టరులో చేరడం తప్ప లాభం లేదు.

బెజ్జం వేసిన తీరు:

1. పైరేకులో చదునైన చోటు, సెండరుకి 18 సెం.మీ. దూరంలో, ఫీడు తీసుకునే మూలకి ఎదురుగా.
2. ట్యాంకుని పైరేకుకి అంగుళం కింద దాకా నీళ్లతో నింపాను. ఆవిరికి చోటు బాగా తగ్గిపోతుంది.
3. కరెంటు డ్రిల్ వాడలేదు. బ్రష్షుల దగ్గర నిప్పురవ్వ ఒక భయం, నీళ్ల మీద కరెంటు ఇంకో భయం. చేత్తో తిప్పే డ్రిల్‌తో 3, 6, 10 మి.మీ.
4. బిట్టుకి గ్రీజు దట్టంగా పూస్తే రజను దానికే అంటుకుంటుంది.
5. 10 నుంచి 16 దాకా కోను రీమరు, ఆఖరి కాస్త గుండ్రటి ఆకురాయి. చివరికి 16.2.
6. అంచు రెండు పక్కలా నున్నగా. లోపలి పక్క వంచిన ఎమరీ ముక్కతో. ఇది మానేస్తే డౌటీ వాషరు పెదవి మొదటి బిగింపుకే కోసుకుపోతుంది.

లాగడానికి బైకు క్లచ్చి తీగ వాడాను. చివర సీసపు గుండు ఉంటుంది కదా, బోల్టు మధ్య 5 మి.మీ. బెజ్జంలోంచి తీగ పోతుంది, గుండు పోదు. తీగ ఉత్త కొసని కొత్త బెజ్జంలోంచి లోపలికి తోసి, సెండరు బెజ్జం దగ్గర కొక్కెంతో అందుకుని బయటికి తీశాను. అక్కడ గుండు తల వైపు ఉండాలంటే తీగ కొస బోల్టు మెట్ల వైపు నుంచి కాదు, తల వైపు నుంచి దూరాలి. అంటే తీగని తిరగేసి మళ్లీ పంపాలి. ఈ చిన్న విషయం బుర్రకెక్కడానికి రెండుసార్లు తీగ తీసి వేశాను. మొదట ఒక సాధారణ నైలాను దారం దాటించి, దాని చివర క్లచ్చి తీగ కొస కట్టి లాగితే ఒక్కసారిలో అయిపోయే పని.

బోల్టు లోపల టంగుమని తగిలి, మెల్లగా జరిగి, బెజ్జంలోంచి మెట్ల కొస తొంగిచూసింది. సెండరు పక్క నుంచి రెండు వేళ్లతో ఏమీ చేయలేదు, తీగ ఒక్కటే లాగుతూ కొంచెం కదిపితే మర బయటికి వచ్చి కూర్చుంది. ఆ క్షణం ఎంత సంతోషమేసిందో, నట్టు ఎక్కించి ఆ సంతోషంలోనే గట్టిగా బిగించేశాను.

తప్పులు వరసగా మూడు.

ఒకటి, తీగ. బోల్టు బిగిశాక తీగని వెనక్కి లోపలికే తోయాలి, ఎందుకంటే గుండు లోపల ఉంది. తోశాను. మొత్తం తీగ ట్యాంకులో పడిపోయింది. మళ్లీ అయస్కాంతం, మళ్లీ అరగంట. గుండుకి ముందే దారం కట్టి దాని రెండో కొస సెండరు బెజ్జం బయట ఉంచుకోండి.

రెండు, రేకు గుంట పడింది. స్టీలు స్కేలు నిలబెట్టి ఫీలరు గేజి (సందు కొలిచే సన్న రేకు) దూర్చితే 0.8 మి.మీ. డౌటీ వాషరుకి చదునైన గట్టి ముఖం కావాలి, గుంటపడ్డ రేకు మీద ఒక పక్కే ఆనుతుంది.

మూడు, అన్నిటికన్నా సిగ్గుచేటైనది. ట్యాంకు తీసుకెళ్లి బండిలో పెట్టి సీటు వేయబోతే సీటు కూర్చోలేదు. బోల్టు ట్యాంకు మీద 43 మి.మీ. లేచి ఉంది. ట్యాంకుకీ సీటు అడుగుకీ ఎంత ఖాళీ ఉందో నేను కొలవనే లేదు.

అప్పుడు కొలిచాను. చపాతీ పిండి ముద్ద పాలిథీన్‌లో చుట్టి బోల్టు పక్కన రేకు మీద పెట్టి, బోల్టు తీసేసి, సీటు వేసి, దాని మీద కూర్చుని మూడుసార్లు ఎగిరాను. ముద్ద 31 మి.మీ.కి అణిగింది. ఇంట్లో పిండి ఎందుకు తగ్గిందో చెప్పాల్సి రావడం వేరే కథ.

రెండో బోల్టు మారింది ఇలా:

- మెట్లు లేవు. బయటి కొసలో లోపలి మర, ఎం10 పిచ్ 1. దానికి బ్రేకు లైన్ల బాంజో బోల్టు (లోపల బోలుగా ఉండి, వచ్చేదాన్ని పక్కకి తిప్పేది). గొట్టం పైకి కాకుండా అడ్డంగా పోతుంది.
- నట్టు మామూలుది కాదు, 6 మి.మీ. పలచటిది, లేతు మీదే. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎం16 నట్టు పిచ్ 2, ఇది 1.5. బలవంతంగా ఎక్కిస్తే మర పోతుంది.
- నట్టు కింద 50 మి.మీ. వ్యాసం, 2 మి.మీ. మందం ఇనుప వలయం. బిగువు పెద్ద చోటు మీద పడుతుంది.
- తిరగకుండా పట్టుకోవడానికి చదునులు కూడా లేవు. నట్టు వేళ్లతో బిగిశాక తీగ తీసేసి, ఎం10 పొడుగు బోల్టుకి లాకునట్టు వేసి ఆ లోపలి మరలో దించితే అదే పిడి. దాన్ని ఒక పానాతో పట్టుకుని రెండో పానాతో పెద్ద నట్టు బిగించడం. తర్వాత పిడి తీసేసి బాంజో.

టార్కు రెంచి (బిగువు కొలిచే పానా) 25 న్యూటన్ మీటర్ల దగ్గర పెట్టాను. వలయం వల్ల రేకు గుంట 0.2కి తగ్గింది. బాంజోతో కలిపి మొత్తం ఎత్తు 27 మి.మీ. సీటుకీ దానికీ 4 మి.మీ. మిగిలింది.

సీలు లోపల తల కింద ఒక్కటి ఉంటే చాలు. అది ఆపకపోతే డీజిల్ మర వెంట పైకి వస్తుంది. బయట వలయం కింద రెండో డౌటీ వేసింది నా పిరికితనం.

ఇప్పటిదాకా: ₹1,990 (రెండు బోల్టులు 850, వాషర్లు ఎనిమిది 240, క్లచ్చి తీగ 60), 23 గంటలు.

6వ దశ: గాలి పరీక్ష, ఎండ చేసిన మోసం

కంప్రెసరు పెట్టొద్దు. పైరేకు 60 × 35 సెం.మీ., అంటే 0.21 చదరపు మీటరు. 2 బార్ గాలి పెడితే ఆ ఒక్క రేకు మీదే 4 టన్నులకు పైగా తోపు. ట్యాంకు బంతవుతుంది. 50 సెం.మీ. నీటి ఎత్తు చాలు. అది కూడా ఆ రేకుని 100 కిలోల పైన తోస్తుంది.

పారదర్శక గొట్టాన్ని యూ ఆకారంలో చెక్కకి కట్టి, రంగునీళ్లు పోసి, పక్కన టేపు అంటించాను. గాలి గొట్టంలోంచి నోటితో ఊది 50 సెం.మీ. తేడా తెచ్చి నొక్కు క్లిప్పు వేశాను.

మొదటి పరీక్ష, పొద్దున 7 నుంచి 8: 50 నుంచి 58కి పెరిగింది. లీకు లేదనుకుని గంతేయబోయి ఆగాను. గాలి పెరగడమేంటి? ఎండ. మూసిన ట్యాంకులో గాలి 1 డిగ్రీ వేడెక్కితే నీళ్లు దాదాపు 3.4 సెం.మీ. లేస్తాయి. వాతావరణ పీడనం 1 మిల్లీబారు మారినా 1 సెం.మీ. కదులుతుంది. ఆ పెరుగుదల వెనక ఎంత లీకైనా దాక్కోవచ్చు.

రెండో పరీక్ష, రాత్రి 10 నుంచి 12, ట్యాంకు మీద థర్మామీటరు: 29.0 నుంచి 28.6. చల్లబడటం వల్ల తగ్గాల్సింది 1.4 సెం.మీ. తగ్గింది 12. లీకు ఉంది. సబ్బు నురగ పూస్తే రిటర్న్ బోల్టు దగ్గర ఏమీ లేదు, సెండరు ప్లేటు దగ్గర ఏమీ లేదు. బుడగలు ఇంధనం పోసే నోటి దగ్గర, పరీక్ష కోసం నేను దూర్చిన బిరడా అంచున. సామాను మంచిదే, పరీక్ష పెట్టినవాడిదే లోపం. బిరడాకి సైకిలు ట్యూబు చుట్టి క్లిప్పు వేశాను.

మూడో పరీక్ష, మర్నాటి రాత్రి, అదే 0.4 డిగ్రీల తేడా: 50 నుంచి 48.5. చాలు.

ఇప్పటిదాకా: ₹2,070, 29 గంటలు.

7వ దశ: బండిలో పెట్టడం, కొండపల్లి రోడ్డు

రిటర్న్‌కి 8 మి.మీ. డీజిల్ గొట్టం రెండున్నర మీటర్లు. పళ్లున్న మామూలు క్లిప్పులు గొట్టాన్ని కోస్తాయి, నున్నటి పట్టీ ఉన్నవి తీసుకున్నాను. గాలి గొట్టాన్ని ఇంధనం పోసే నోటికన్నా ఎత్తు దాకా తీసుకెళ్లి, మెలిక తిప్పి, కొసకి చిన్న ఫిల్టరు. టీ ముక్క తీసి డబ్బాలో వేశాను.

స్టార్టరు మర్నాడు పొద్దున: 3 సెకన్లు. ఆ వారమంతా 3, 4 మధ్యే. పారదర్శక ముక్కలో మొదటి రోజు ఒకటి రెండు బుడగలు, తర్వాత లేవు. ముక్కని ఇంకా ఉంచాను, బానెట్ ఎత్తినప్పుడల్లా చూడొచ్చు.

220 కి.మీ. తర్వాత ట్యాంకు నిండుగా కొట్టించి కొండపల్లి ఖిల్లా రోడ్డు ఎక్కాను. పైకి చేరేసరికి సీటు కింద డీజిల్ వాసన. సెండరు ప్లేటు వెనకవైపు రెండు స్క్రూ తలల చుట్టూ తడి. గ్యాస్కెట్టు పొడిగా ఉంది. చదును మీద పైరేకు దాకా రాని డీజిల్, ఎత్తు ఎక్కేటప్పుడు వెనక అంచుకి చేరి నిలబడుతుంది. ట్యాంకులో ఆ ఐదు స్క్రూ బెజ్జాలు లోపలికి తెరిచే ఉన్నాయి, మర వెంట పైకి పాకుతోంది. గాలి పరీక్షలో కనపడలేదేమంటే ఆ రోజు స్క్రూలకి గ్రీజు దట్టంగా పూసి ఉంది.

ఐదు స్క్రూల కిందా ఫైబరు వాషర్లు వేశాను. తడి ఆగింది. ఫ్యూయల్ గేజి ముల్లు కూడా ఆగింది.

సగం రోజు సెండరుని అనుమానించాను. అది బాగానే ఉంది. సెండరుకి ఎర్తు దాని ఒంటి ద్వారా ట్యాంకుకి రావాలి. కింద రబ్బరు గ్యాస్కెట్టు, ఇప్పుడు స్క్రూ తలల కింద ఫైబరు. ప్లేటు నాలుగు పక్కలా కరెంటుకి దూరమైపోయింది. అప్పటిదాకా స్క్రూలే దాన్ని ట్యాంకుకి కలుపుతూ వచ్చాయన్నమాట. ప్లేటు అంచుకి 4 మి.మీ. మర వేసి, తీగ తీసుకెళ్లి ఛాసిస్‌కి పెయింటు గోకి బిగించాను. ముల్లు లేచింది. ట్యాంకు నుంచి ఛాసిస్‌కి కూడా ఇంకో తీగ వేశాను.

మొత్తం: ₹2,695, 34 గంటలు. పనికిరాకుండా పోయినవాటికి (నిపుల్, మొదటి ప్లేటు, మొదటి బోల్టు) ₹690.

1,140 కి.మీ. దగ్గర

1. రిటర్న్ నట్టు వదులైతే తెలియాలని గీసిన గుర్తుగీత కదల్లేదు, పొడి.
2. బాంజో అల్యూమినియం వాషరు ఒకటి కొంచెం చెమర్చింది, పావు చుట్టు బిగిస్తే ఆగింది. అవి ఒక్కసారి వాడేవి, తీస్తే కొత్తవి వేయాలి.
3. ఫిల్టరు అడుగు తిప్పి దించితే చెంచాడు నీళ్లు, కాస్త తుప్పు పొడి. మడతల్లో మిగిలిందే అయి ఉండాలి. 2,000 దగ్గర మళ్లీ దించి చూస్తాను.
4. సీటు అడుగున బాంజో తల రాసుకున్న గీత ఒకటి కనిపించింది. 4 మి.మీ. ఖాళీ నా బరువుకి సరిపోయింది, మా బావగారు కూర్చుంటే సరిపోలేదు. సీటు ఫ్రేము నాలుగు మూలలా 6 మి.మీ. రబ్బరు ముక్కలు వేశాను.